పట్టు అంచు కింద సగం వరుస

పెట్టె మూత మీద సిరాతో రెండే అక్షరాలు: హితొమరు. ప్రాచీన జపాన్ కవుల్లో పెద్దవాడైన కకినొమొతో నో హితొమారోని తర్వాతి తరాలు పిలుచుకున్న పేరది. లోపలి చుట్ట విప్పితే, నల్లటి కొలువు దుస్తుల్లో కూర్చుని, తల కొంచెం పైకెత్తి కుడివైపు ఏదో చూస్తున్న ఒక నడివయసు మనిషి. చుట్టూ ఇల్లు లేదు, తెర లేదు, చాప లేదు. ఖాళీ కాగితం మీద మనిషి ఒక్కడే.

క్యోటోలో కాగితం, పట్టు మీద వేసిన పాత చిత్రాలకు కన్జర్వేషన్ చేసే పనిశాలలో నేను పని నేర్చుకున్నాను, ఇప్పుడూ అక్కడే చేస్తున్నాను. ఈ కేసు ఇంత వివరంగా రాయడానికి కారణం చికిత్స కష్టం కావడం కాదు. పని మొదలైన ఐదో రోజున ఆ చిత్రంలో ఉన్నది ఎవరన్న ప్రశ్నే మారిపోయింది. దాంతో మేం చేయాల్సిన పనీ మారింది. యజమాని ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆవిడ పేరు, ఊరు రాయను.

ఇది 'కసేన్-ఎ' అనే తరహా చిత్రం. కసేన్ అంటే కవితలో సిద్ధి పొందినవాడు, మన మాటలో కవిసిద్ధుడు. 'ఎ' అంటే బొమ్మ. 11వ శతాబ్దం మొదట్లో ఫుజివారా నో కింతో (966-1041) అనే సభాకవి, పండితుడు, తనకు ముందున్న కవుల్లోంచి 36 మందిని ఏరి, వాళ్ల పద్యాలతో ఒక సంకలనం చేశాడు. అందులో ఐదుగురు స్త్రీలు: ఒనో నో కొమాచి, ఇసే, నకత్సుకసా, సైగూ నో న్యోగో, కొదై నో కిమి. ఈ 36 మందినీ బొమ్మలుగా గీయడం ఆ తర్వాత మొదలైంది. ఇప్పుడు మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతవి 13వ శతాబ్దానివి. అంటే గీసినవాళ్లెవరూ ఆ కవుల మొహం చూసినవాళ్లు కారు.

హితొమారో సంగతి అయితే మరీ విచిత్రం. ఆయన 7వ శతాబ్దపు మనిషి. ఫుజివారా నో కనెఫుసా అనే ఆయన మంచి పద్యం రాయలేకపోతున్నానని బాధపడుతూ రోజూ హితొమారోని తలుచుకుని మొక్కేవాడట. ఒక రాత్రి కలలో ఉమే అనే జపాన్ ఆప్రికాట్ పూలు మంచులా రాలుతుండగా, ఎడమ చేత కాగితం, కుడి చేత కుంచె పట్టుకున్న ఒక ముసలాయన కనిపించాడు. తెల్లారాక చిత్రకారుణ్ణి పిలిచి ఆ రూపం గీయించి పూజించాడు. ఆ బొమ్మకు తీసిన ప్రతిని 1118లో ఫుజివారా నో అకిసుయె గోడకు వేలాడదీసి, ముందు నైవేద్యం పెట్టి, కవుల్ని కూర్చోబెట్టి పద్యాలు చదివించాడు. అప్పటినుంచి కవుల కొలువుల్లో హితొమారో పటానికి పూజ ఆనవాయితీ అయింది. కలలో కనిపించిన మొహమే ఆయన మొహంగా నిలిచిపోయింది.

ఇది నాకు కొత్తగా అనిపించలేదు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద నన్నయ, తిక్కన, మొల్ల విగ్రహాల ముందు నుంచి వెళ్లినవాణ్ణే నేనూ. వాళ్ల మొహాలు ఎలా ఉండేవో చెప్పే బొమ్మ ఒక్కటీ లేదు. అయినా ఆ విగ్రహాన్ని చూడగానే మనకు ఒక పద్యం గుర్తొస్తుంది. విగ్రహం కింద పేరు చెక్కి ఉంటుంది కాబట్టి వస్తుంది. ఆ పేరు తీసేస్తే ఎవరిని చూస్తున్నామో మనకూ తెలియదు. కసేన్-ఎలో ఆ పేరు చేసే పనిని పద్యం చేస్తుంది.

అందుకే దీని అమరిక ముఖ్యం. కుడివైపు కవి పేరు, ఆయన ఎవరో రెండు ముక్కలు, ఆ తర్వాత పద్యం. ఎడమవైపు మనిషి. జపనీస్ రాత పైనుంచి కిందికి, కుడినుంచి ఎడమకు సాగుతుంది గనక పద్యం ఆఖరి వరుస నేరుగా మనిషి దగ్గరికి వచ్చి ఆగుతుంది. చదువుతూ చదువుతూ కన్ను ఆ మొహం మీద వాలుతుంది.

మా బల్ల మీదున్న దానిలో కుడివైపు ఏమీ లేదు. మనిషి భుజం దాటిన కాస్త దూరానికే, చిత్రం చుట్టూ అతికే పట్టు బట్ట అంచు మొదలైపోయింది.

పద్యం లేని బొమ్మ ఎలా వచ్చిందో అర్థం కావాలంటే సాతకే చుట్ట కథ చెప్పాలి. మాది ఆ చుట్టలోని ముక్క కాదు, చాలా తర్వాతి కాలపు ప్రతి. కానీ కసేన్-ఎని ముక్కలుగా కోసి వేలాడదీయడం గురించి జపాన్‌లో ఎవరు మాట్లాడినా ముందు దాని పేరే వస్తుంది.

అకితా ప్రాంతాన్ని ఏలిన సాతకే వంశం దగ్గర 13వ శతాబ్దపు రెండు పొడవాటి చుట్టలుండేవి. 36 మంది కవులు, రెండో చుట్ట మొదట్లో కవిత్వానికి దేవుడిగా కొలిచే సుమియోషి. బొమ్మలు ఫుజివారా నో నొబుజానే గీశాడని, రాత కుజో యొషిత్సునే చేతిదని సంప్రదాయం చెబుతుంది. 1917లో సాతకే వాళ్లు వేలానికి పెడితే 3,53,000 యెన్లు పలికాయి. ఏ ఒక్క వ్యాపారీ అంత పెట్టలేక కొందరు కలిసి కొన్నారు. వాళ్ల దగ్గర్నుంచి యమమొతో తదసబురో అనే ఓడల వ్యాపారి తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగియగానే ఓడల వ్యాపారం కుప్పకూలి, ఆయనా అమ్ముకోవాల్సి వచ్చింది. మొత్తం కొనేవాడు దొరకలేదు. అప్పుడు మిత్సుయి సంస్థల మాజీ పెద్ద, తేనీటి వేడుకల్లో ఆరితేరిన మసుదా తకాషి పూనుకుని, 1919 డిసెంబర్ 20న టోక్యో షినగావాలోని తన ఆవరణలో ఓక్యోకాన్ అనే మందిరంలో చుట్టల్ని 37 ముక్కలుగా పంపకం చేయించాడు. ఎవరికి ఏది అన్నది చీట్లు తీసి తేల్చారు. రాజకుమారి సైగూ నో న్యోగో ముక్క అన్నిటికన్నా ఖరీదైనది: 40,000 యెన్లు. మసుదాకి చీటీలో సన్యాసి బొమ్మ వచ్చి మొహం మాడ్చుకుంటే, రాజకుమారి దక్కినాయన మార్చుకుందామన్నాడని చెబుతారు. ఆ మందిరం ఇప్పుడు టోక్యో నేషనల్ మ్యూజియం తోటలో ఉంది. సరిగ్గా 100 ఏళ్ల తర్వాత, 2019లో, క్యోటో నేషనల్ మ్యూజియం ప్రదర్శనలో 37లో 31 ముక్కలు ఒక చోట చేరాయి. నేను మూడుసార్లు వెళ్లాను. ఒక్కో ముక్కకు ఒక్కో యజమాని చేయించిన పట్టు, ఒక్కో అభిరుచి. ఒకే చుట్టలో పక్కపక్కన కూర్చున్నవాళ్లు వేర్వేరు ఇళ్లలో పెరిగిన తోబుట్టువుల్లా కనిపించారు.

ఒక మాట మాత్రం ఆ రోజు కోసినవాళ్ల తరఫున చెప్పాలి. వాళ్లు ఏ కవి పద్యాన్ని ఆ కవితోనే ఉంచి కోశారు. మా బల్ల మీదున్నదాన్ని కోసిన చెయ్యి ఆ మర్యాద పాటించలేదు. తేనీటి గదిలో గోడ గూడు చిన్నది. రాత తీసేసి మనిషినొక్కణ్ణే ఉంచితే పటం సన్నగా, పొందిగ్గా ఉంటుంది. బహుశా అందుకే కోసి ఉంటారు.

ఇక చిత్రం పరిస్థితి. బొమ్మ కొలత 35 సెంటీమీటర్ల ఎత్తు, 26 వెడల్పు. కాగితం కోజో అనే మల్బరీ జాతి మొక్క నారది. రంగులు, కాగితం, గీత చూస్తే జపాన్ చరిత్రలో ఎడో అనే కాలం (1603-1868) మొదటి సగంలో తీసిన ప్రతి అని మా అంచనా. అడ్డంగా 11 గట్టి మడతలు. వెనక అతికిన కాగితాల పొరలు మరీ మందంగా, జిగురు మరీ చిక్కగా ఉండటంతో చుట్టిన ప్రతిసారీ అదే చోట విరుగుతూ వచ్చింది. మొహానికి వేసిన తెలుపు 'గొఫున్'. ఆయిస్టర్ జాతి గుల్లల్ని ఏళ్ల తరబడి ఎండబెట్టి, నూరి, జంతువుల జిగురుతో కలిపి వేస్తారు. ఆ జిగురు సత్తువ పోయి, బుగ్గ మీద తెలుపు పొలుసులు పొలుసులుగా లేచింది. అంగీ నలుపు మాత్రం చెక్కు చెదరలేదు.

మైక్రోస్కోప్ కింద మొహం దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. కసేన్-ఎకి మూలమైన 'నిసె-ఎ' పద్ధతిలో మనిషి పోలికని ఒక్క గీతతో తేల్చరు. కంటి రెప్పని వెంట్రుకంత సన్నటి గీతలు నాలుగైదు, ఒకదాని పక్కన ఒకటి, దాదాపు ఒకదాని మీద ఒకటి వేసి పట్టుకుంటారు. ఈ ప్రతి తీసినాయన ఆ సంగతి తెలిసినవాడు. ఎడమ కంటి పై రెప్పకి నాలుగు గీతలు లెక్కపెట్టగలిగాను. కుడి కంటికి అవి లేవు. ఎప్పుడో మరమ్మతు చేసిన ఎవరో తెలుపు పూసి, దాని మీద ఒకే మందపాటి గీత గీసేశారు. అందుకే దూరం నుంచి చూస్తే ఆ చూపు కాస్త మొద్దుగా అనిపిస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలో తెలుపు కింద పాత గీతల జాడ కనిపించింది, కానీ మొత్తం మిగిలి ఉందని చెప్పేంత స్పష్టంగా కాదు. పై పూత తీసేద్దామా అని రెండు రోజులు వాదించుకున్నాం. తీయలేదు. కింద ఏముందో నమ్మకం లేనప్పుడు, ఉన్నదాన్ని గీకే హక్కు మాకు లేదన్నది మా గురువుగారి మాట. నేనూ అదే ఒప్పుకున్నాను.

ఐదో రోజు చిత్రాన్ని వెలుతురు బల్ల మీద పెట్టాం. వెనక కాగితాలు ఎంత మందమో, అతుకులెక్కడో చూడటానికి ఇది మామూలుగా చేసే పనే. కుడి అంచున, పట్టు కింద, పైనుంచి కిందికి ఒక నల్లటి చార కనిపించింది. మొదట పాత జిగురు మరక అనుకున్నాను. మరకకి మధ్యమధ్య ఖాళీలుండవు, వంపులుండవు. చిత్రం మీదికి పట్టు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కడం మామూలే. ఇక్కడ 9 మిల్లీమీటర్లు ఎక్కింది. కోసినవాళ్లు పద్యం ఆఖరి వరుస మధ్యలోంచి కోసేసి, మిగిలిన సగాన్ని పట్టు కింద దాచేశారు.

కుడి అంచు పట్టుని కొద్దికొద్దిగా తడిపి లేపాం. అక్షరాల ఎడమ సగాలు మాత్రమే ఉన్నాయి. పై అక్షరానికి వాన అనే గుర్తులో సగం, దాని కింద చుక్కలు. మధ్యలో 'రి' అక్షరపు పొట్టి ఎడమ గీత. అడుగున ఒక సున్నాలో సగం. పాత గొలుసుకట్టు రాత చదవడంలో అనుభవమున్న ఒకావిడని పిలిస్తే, మొత్తం వరుసను వేలితో గాలిలో రాసుకుంటూ చదివారు: "యుకి జో ఫురికెరు." మంచు కురుస్తోంది.

ఇక్కడ జాగ్రత్త పడాలి. మంచు కురవడంతో ముగిసే పద్యాలు ఒకటి కన్నా ఎక్కువున్నాయి. యమబే నో అకహితోది, హ్యకునిన్ ఇష్షు సంకలనంలో ఉన్నది, 'యుకి వా ఫురిత్సుత్సు' అని ముగుస్తుంది. అందులోనే కోకో చక్రవర్తి పద్యం ముగింపూ అచ్చంగా అదే. సకనొవె నో కొరెనొరి పద్యం 'తెల్లని మంచు' అనే మాటతో ఆగుతుంది. 'త్సుత్సు' అయితే అడుగున రెండు చిన్న వంపులు ఒకదాని కింద ఒకటి ఉండాలి. మా దానిలో ఉన్నది 'రు' అక్షరం చివరి చుట్టు. పైగా దానికి ముందు నిలువు గీత 'కె'కి సరిపోతుంది. అలా ముగిసే పద్యాల్లో, 36 మంది బొమ్మల పక్కన రాసే అలవాటున్నది, మాకు తెలిసి ఒక్కటే.

"సకురా చిరు
కో నో షితకజే వా
సముకరదే
సొర ని షిరరెను
యుకి జో ఫురికెరు"

సకురా పూలు రాలే చెట్టు కింద గాలికి చలి లేదు. ఆకాశానికి తెలియని మంచు కురుస్తోంది. కి నో త్సురయుకి పద్యం.

త్సురయుకి మామూలు కవి కాడు. 905 నాటి చక్రవర్తి ఆజ్ఞతో కూర్చిన కొకిన్‌షూ సంకలనకర్తల్లో ఒకడు, దానికి జపనీస్ లిపిలో పీఠిక రాసినవాడు. చైనా లిపిలో, చైనా భాషలో రాస్తేనే గౌరవం అనుకునే రోజుల్లో, మన భాషలో పుట్టిన పద్యానికి విత్తనం మనిషి హృదయమే అని మొదలుపెట్టినవాడు. ఆ పీఠికలోనే ఆయన హితొమారోని 'కవితా ఋషి' అన్నాడు. పెట్టె మూత ఆయన్ని ఆయన కొలిచిన మనిషి పేరుతో ఎన్నాళ్లుగానో పిలుస్తూ వచ్చిందన్నమాట. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తూ ఈ సంగతే తలుచుకున్నాను.

అసలు ఈ పొరపాటు ఎందుకు జరిగింది? హితొమారో బొమ్మలో ముసలితనం, కుంచె, కాగితం, ఒక పక్కకి ఒరిగి కూర్చోవడం ఉంటాయి. మా చిత్రంలో ఇవేవీ లేవు. కానీ పద్యం పోయాక నల్లటి అంగీ వేసుకున్న కవులు ఒకరికొకరు కవలల్లా ఉంటారు. 36 మందిలో స్త్రీలని, హెంజో, సొసేయి లాంటి సన్యాసులని చూసి గుర్తుపట్టొచ్చు. తెర వెనక ఉండే సైగూ నో న్యోగోని వెంటనే పోల్చుకోవచ్చు. ఒగతా కోరిన్ అనే చిత్రకారుడు అందర్నీ ఒక గుంపుగా గీసినప్పుడు ఆవిణ్ణి తెర వెనకే ఉంచేశాడు, కాబట్టి 35 మందే కనిపిస్తారు. మిగతా మగవాళ్ల విషయంలో రాతే దిక్కు. పద్యం లేని బొమ్మ ఎవరి చేతికి వస్తే వాళ్లు తమకు తెలిసిన అతి పెద్ద పేరు పెట్టుకుంటారు. ఆ పెద్ద పేరు హితొమారో.

మా నివేదికలో 'త్సురయుకి' అని రాయలేదు. 'త్సురయుకి కావడానికే ఎక్కువ అవకాశం' అని రాశాం. సగం వరుస సాక్ష్యం అంతవరకే మోస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. చికిత్స ఒప్పందంలో ఉన్నది మడతలు సరిచేయడం, తెలుపు నిలబెట్టడం, పాత పట్టుతోనే మళ్లీ కట్టడం. పాత పట్టు పాత కొలతకే కడితే ఆ సగం వరుస మళ్లీ కిందికి పోతుంది. యజమానికి ఫోన్ చేశాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

"మా అత్తగారు ప్రతి వసంతంలో దీన్ని వేలాడదీసి, హితొమారో గారికి దణ్ణం పెట్టమనేవారు," అన్నారు చివరికి. "నలభై ఏళ్లు పెట్టాను."

"మీకు ఎలా కావాలంటే అలాగే కడతామండీ," అన్నాను. "దాచినా కాగితానికేమీ కాదు."

ఇలా అన్నానని పనిశాలలో కొందరికి నచ్చలేదు. అక్షరాలు బయటికి తేవాల్సిందే, అడగడమేంటి అన్నారు. నా అభిప్రాయం వేరు. ఆ పటం ముందు చేతులు జోడించింది ఆవిడ. ఆ నలభై ఏళ్లూ ఆ పటం చరిత్రలో భాగమే. మూడు రోజుల తర్వాత ఆవిడే స్వయంగా వచ్చి, వెలుతురు బల్ల మీద ఆ చారని చూసి, "కనిపించనివ్వండి," అన్నారు.

చికిత్స గురించి క్లుప్తంగా. ముందు తెలుపు పొలుసుల కిందికి సన్నటి కుంచెతో 2 శాతం జంతు జిగురు వదిలి, ఆరాక మళ్లీ వదిలి, తొమ్మిది రోజులు ఓపిక పట్టాం. తర్వాత సముద్రపు నాచు నుంచి తీసే ఫునొరి జిగురుతో ముందు వైపు రేయాన్ కాగితం కప్పి, బొమ్మని బోర్లా తిప్పి, పాత పొరలు తీశాం. చివరి పొర, బొమ్మకి నేరుగా తగిలేది, పట్టకారుతో నారలు నారలుగా లాగాలి. అక్కడే నా చేతి పొరపాటు జరిగింది. కుడి చేతి మడత దగ్గర తేమ ఒక్క నిమిషం ఎక్కువైంది. ముందు వైపు కప్పిన కాగితం తీసినప్పుడు, అంగీ లోపలి అంచున ఉన్న ఆకుపచ్చ పొలుసు ఒకటి, ఆవగింజలో సగం, దానితోపాటు వచ్చేసింది. మళ్లీ దాని చోట పెట్టగలిగాం. నివేదికలో ఫొటోతో సహా రాశాను. ఆ ఆకుపచ్చ రాగి ఖనిజం. కాలక్రమేణా కింద కాగితాన్ని తినేసి గోధుమ రంగు తెస్తుంది, అందుకే అక్కడ రంగు గట్టిగా అంటుకుని ఉండదు. ఆ సంగతి తెలిసి ఉండి కూడా తేమ తగ్గించకపోవడం నా తప్పు.

కొత్త పొరలకి మొదట మినో కాగితం, మామూలు గోధుమ గంజితో. తర్వాత మిసు కాగితం, చివర ఉదా కాగితం. ఈ రెండిటికీ వాడేది పాతబడిన గంజి. చలికాలం నడుమ గోధుమ పిండి గంజి కాచి, జాడీల్లో పోసి, చల్లటి చీకటి గదిలో పదేళ్ల దాకా ఉంచుతారు. అది బాగా బలహీనపడ్డాక వాడతారు. బలహీనమైన జిగురు కావాలని కోరుకోవడం మొదట్లో నాకు అర్థం కాలేదు. చేర్యాల నకాషీలు బట్టకి సుద్ద, చింతగింజల గంజి పట్టించి గట్టిగా నిలబెడతారు. ఆ బిగువు చూసి పెరిగిన కన్ను నాది. ఇక్కడ పటం రోజూ గోడ మీద ఉండదు, చుట్టి పెట్టెలో పెడతారు. జిగురు గట్టిదైతే చుట్టినప్పుడు కాగితం వంగదు, విరుగుతుంది. ఈ బొమ్మకి జరిగిందదే. పాత గంజికి పట్టు తక్కువ కాబట్టి, బరువైన కుంచెతో వెనక నుంచి దబదబ కొట్టి నారల్ని ఒకదానిలోకి ఒకటి దింపుతాం. 11 మడతల వెనకా సన్నటి కాగితపు పట్టీలు వేశాం. తర్వాత ఆరబెట్టే చెక్క పలకకి అతికించి, నాలుగు నెలలు వదిలేశాం.

బొమ్మలో రంగు పోయిన చోట్ల కాగితం రంగు మాత్రమే వేశాం. ఒక్క గీత కూడా కొత్తగా గీయలేదు. కోసేసిన అక్షరాల కుడి సగాల్ని పూరించమని ఎవరూ అడగలేదు. అడిగినా చేసేవాళ్లం కాదు.

పట్టు దగ్గర చిన్న లెక్క మిగిలింది. బొమ్మకి పైన, కింద ఉండే బంగారు జరీ పట్టీలు పాత వెడల్పుకే కోసి ఉన్నాయి. ఇప్పుడు 9 మిల్లీమీటర్లు చాలవు. కొత్త జరీ వేస్తే పాతది పెట్టెలో మూలకి పోతుంది. పట్టీల చివర్లు వెనక్కి మడిచి ఉన్నాయని గమనించి, ఆ మడతలు విప్పితే 7 దొరికాయి. మిగతా 2కి అదే ఛాయలో రంగు వేసిన సాదా పట్టు ముక్క అతికాం. దగ్గరగా చూస్తే తెలుస్తుంది. తెలియాలనే అలా వదిలాం. చుట్టే కర్రకి లావుపాటి తొడుగు కూడా చేయించాం. ఎంత వెడల్పుగా చుడితే మడతలు అంత తక్కువ.

ఏప్రిల్ మొదటి వారంలో ఆవిడ ఇంట్లో నేనే వేలాడదీశాను. పాత పెట్టె మూతని అలాగే ఉంచాం. కొత్త పెట్టెలో చుట్ట కింద అది ఉంది, హితొమరు అన్న రెండు అక్షరాలతో. దానితోపాటు త్సురయుకి పద్యం పూర్తిగా రాసిన కాగితం ఒకటి పెట్టాం. పటం కుడి అంచున ఇప్పుడు వేలు వెడల్పు కన్నా సన్నటి నల్లటి వరుస కనిపిస్తుంది. ఆవిడ చాలాసేపు చూసి, చదవమని అడిగారు. పైనుంచి కిందికి, లేని సగాల్ని కలుపుకుంటూ, యుకి జో ఫురికెరు అని చదివాను. ఆవిడ తలవంచి దణ్ణం పెట్టారు.